ఆరెకరాల చెలకలో 112 ప్లాట్లు: రోడ్లు గీసే ముందు ఒర్రె సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ. జడ్చర్ల అవతల, 44వ నంబరు హైవేకు రెండు కిలోమీటర్ల లోపల, ముగ్గురన్నదమ్ములకు కలిపి ఆరెకరాల చెలక ఉంది. వెంచర్ చేద్దామనుకుంటున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన తూర్పు పడమరలుగా 30 అడుగుల రోడ్లు వేసి, 30×50 కొలతతో 112 ప్లాట్లు వచ్చేలా గీసిచ్చాడు. ఆగ్నేయం మూల మీదుగా పారే ఒర్రెకు (చిన్న వాగుకు) రెండడుగుల పైపు పెట్టి దాని మీద రోడ్డు చూపించాడు. పక్కన మిగిలిన వంకర ముక్కకు పార్కు అని పేరు రాశాడు. పెద్దన్నకు నచ్చింది. ఒర్రె పారే కింది రెండెకరాలు మీ వాటా కాబట్టి మీకు మనసు ఒప్పుకోవడం లేదు. ప్లాట్లు తగ్గకుండా ఇంతకన్నా మంచిగా గీయొచ్చా అని అడిగారు.

మంచిగా గీయొచ్చు గానీ ప్లాట్లు తగ్గుతాయి. నల్లగొండలో సర్వేయర్‌గా మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ప్లాట్లు తగ్గకుండా మంచి లేఅవుట్ గీసిస్తానన్నవాణ్ణి చాలామందిని చూశాను. ఆ గీసినదాన్ని తర్వాత చెరిపి దిద్దే పని చాలాసార్లు నా మీదే పడింది.

ముందుగా మీరు పంపిన స్కెచ్ సంగతి. తూర్పు పడమరలు 440 అడుగులు, ఉత్తర దక్షిణాలు 594 అడుగులు అని ఉంది. గుణిస్తే 2,61,360 చదరపు అడుగులు. అంటే 29,040 గజాలు, అణా పైసలతో సహా ఆరెకరాలు. అంత ముచ్చటగా కుదిరిందంటేనే నాకు అనుమానం. మన దగ్గర ఏ చెలకా గీత గీసినట్టు ఉండదు. ఒక గెట్టు లోపలికి వంగుతుంది, ఒక మూల పక్కోడి వేపచెట్టు కాడికి పోయి ఆగుతుంది. ఇది కొలిచిన కొలత కాదు, పాసుపుస్తకంలోని విస్తీర్ణాన్ని డబ్బాలో సర్దిన లెక్క. టోటల్ స్టేషన్‌తోనో డీజీపీఎస్‌తోనో (రెండూ సర్వే యంత్రాలే) హద్దులు కొలిపించి, అడుగు తేడాకో రెండడుగుల తేడాకో కాంటూర్లు, అంటే ఎత్తుపల్లాల గీతలు, కూడా తీయించుకోండి. సర్వే ఆఫీసు నుంచి గ్రామ నక్ష, మీ సర్వే నంబరు టీపన్ (పాత సర్వే కొలతల కాగితం) తెచ్చి దాని మీద పరిచి చూడండి. భూమ్మీద పాసుపుస్తకం కంటే రెండు మూడు గుంటలు తక్కువ రావడం మామూలే. ఆ తక్కువ ఎవరి వాటాలో పడుతుందో ఇప్పుడే తేలితే నయం, ప్లాట్లు అమ్మాక తేలితే కోర్టుకు పోతారు.

నక్షలో రెండు సంగతులు వెతకండి. ఒకటి బండ్ల బాట. మీ ఉత్తరం హద్దున ఉన్న మట్టిదారి నక్షలో ఉంటే అది అందరిదీ. లేకపోతే పక్కవాళ్ల దయ మీద నడుస్తున్న దారే, దాన్ని నమ్మి లేఅవుట్ వేయలేరు. ఇప్పుడు 15 అడుగులే ఉందన్నారు. అప్రోచ్ రోడ్డు 40 అడుగులు లేకుండా ఫైలు ముందుకు కదలడం కష్టం. కాబట్టి మీ వైపు నుంచి 13 అడుగులు బాటకు వదిలినట్టు ఇప్పుడే లెక్కేసుకోండి. ఎదుటి రైతుతో, హైవే దాకా ఉన్న మిగతా పట్టాదారులతో మాట్లాడే పని అంతకంటే ముందు పెట్టుకోండి. లేఅవుట్లు ఆగిపోయేది లోపలి రోడ్ల దగ్గర తక్కువ, బయటి దారి దగ్గరే ఎక్కువ.

రెండోది ఒర్రె. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ తప్పు నేనే ఒకసారి చేశాను.

2014లో నల్లగొండ పక్కన ఒక పెద్ద వెంచర్‌కు లేఅవుట్ గీశాను. నక్షలో ఒక సన్నని గీత ఉంది, మీదున్న కుంట మత్తడి (అలుగు) నుంచి కిందికి. భూమ్మీద చూస్తే దున్నిన చెలక, ఒర్రె జాడే లేదు. "అది ఎప్పుడో పూడిపోయింది సార్, మా నాయన కాలం నుంచే నీళ్లు లేవు" అన్నాడు యజమాని. నేనూ కరువు చూసిన కళ్లతోనే చూశాను. దాని మీద 33 అడుగుల రోడ్డు వేసి కింద ఒక పైపు చూపించాను. ప్లాట్లు అమ్ముడుపోయాయి, ఇళ్లు లేచాయి. 2020 అక్టోబరులో ఆ వానలు పడ్డాయి, మీకు గుర్తుండే ఉంటుంది. కుంట నిండి మత్తడి దుంకింది. నీళ్లు పూడిపోయిన ఒర్రెను వెతుక్కుంటూ సరిగ్గా నేను గీసిన రోడ్డు మీదికే వచ్చాయి. నాలుగో రోజు పోయి చూశాను. ఏడిళ్లలో మోకాలు లోతు దాకా నీళ్లు నిలిచాయి. ఒక ఇంటి గోడ మీద బురద గీత స్విచ్ బోర్డు కింద నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. వాకిట్లో తడిసిన బియ్యం చాపల మీద ఆరబోసి ఉన్నాయి, అప్పటికే వాసన కొడుతున్నాయి. ఆ ఇంటి పెద్దామె నన్ను ఎవరో చూపించగా పిలిచి, "ఈ తొవ్వ గీసింది నువ్వేనా బిడ్డా? మరి నీళ్లకు తొవ్వ యాడ పెట్టినవ్?" అని అడిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ తర్వాత నేను ఏ కాగితం మీదా ముందు రోడ్డు గీయలేదు. నీలం పెన్సిల్‌తో నీళ్ల దారి గీసి, మిగిలిన చోటే రోడ్లకు, ప్లాట్లకు వాడుకుంటాను.

మీ రెండడుగుల పైపు లెక్క చూద్దాం. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పాలమూరులో అంత అరుదేం కాదు, ఏడాది వాన తక్కువే గానీ పడినరోజు కుండపోతగా పడుతుంది. ఇళ్లు, రోడ్లు వచ్చాక పడ్డ వానలో అరవై శాతం పారుతుందనుకుందాం. మీ ఆరెకరాల నుంచే ఆ గంటలో ఏడు లక్షల లీటర్ల పైచిలుకు పారుతుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 145 ట్యాంకర్లు. మీ నీళ్లు మాత్రమే అయితే 200కు 1 వాలులో పెట్టిన రెండడుగుల పైపు తీసుకుంటుంది. కానీ ఒర్రె మీకోసం పుట్టింది కాదు. మీ పైన నలభై ఎకరాల చెలక నీళ్లు దానిలోకే దిగుతాయనుకోండి, మట్టి కొంత పీల్చినా సెకనుకు 900 లీటర్లు వస్తాయి. ఆ పైపు నిండుగా పారితే పోయేవి 430 లీటర్లు. సగం కూడా కాదు. పైగా చెత్త, కొబ్బరి బొండాలు అడ్డం పడని పైపు ఎక్కడుందో నాకు చూపించండి. కాబట్టి పైన ఎన్ని ఎకరాల నీళ్లు మీ ఒర్రెకు దిగుతాయో ముందు తేల్చాలి. నక్ష పట్టుకుని పైకి నడిచి చూస్తే సగం తెలుస్తుంది.

నిబంధన కూడా దీనికి తోడుంది. 2012 నాటి 168వ జీవో ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న కాలువకు, నాలాకు అంచు నుంచి 2 మీటర్లు వదలాలి. పది మీటర్లు దాటితే 9 మీటర్లు. చిన్న చెరువు, కుంట అయితే ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే) హద్దు నుంచి 9 మీటర్లు, పది హెక్టార్లు దాటిన చెరువైతే 30 మీటర్లు. ఇవి కనీసాలు మాత్రమే. ఒర్రెను పూడ్చకుండా, తిప్పకుండా, పైపులో పెట్టకుండా, ఉన్నచోటే రెండు పక్కలా రాతి కట్టుబడితో తెరిచి ఉంచండి. దాటాల్సిన చోట పైపు వద్దు, బాక్స్ కల్వర్టు కట్టండి.

ఇక వాలు, వాస్తు. నేను వాస్తు మీద వాదనకు దిగను. కొనేవాళ్లు చూస్తారు, అమ్మేవాళ్లు వినాలి. కానీ ఒక పని మాత్రం చేయొద్దు. మీ భూమి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వాలుంది. ఈశాన్యం పల్లంగా ఉండాలని వెంచర్ మొత్తానికి ఆగ్నేయంలో టిప్పర్లతో మొరం పోసి ఎత్తు చేసేవాళ్లున్నారు. అలా పోసిన వెంచర్‌లో నీళ్లు రెండు దిక్కుల మధ్య ఎటు పోవాలో తెలియక నడిరోడ్డు మీద నిలుస్తాయి. కొన్నవాడికి కావాల్సింది తన ప్లాటులో ఈశాన్యం. ప్రహరీ లోపల ఇంటి చుట్టూ లెవెల్ ఆయన ఎట్లా కావాలంటే అట్లా పెట్టుకుంటాడు. రోడ్డు, మోరీ మాత్రం భూమి మాట వినాలి. 200కు 1 వాలంటే వంద అడుగులకు ఆరంగుళాలు. 594 అడుగుల పొడవుకు మూడడుగుల దిగువ చాలు. అంతకంటే మీ చెలకకే ఎక్కువ వాలు ఉంటుంది, కాంటూర్లు వస్తే తెలుస్తుంది.

ఇప్పుడు 112 దగ్గరికి వద్దాం. ఆయన ఎలా తెచ్చాడో కూర్చుని లెక్కేశాను. ఉత్తరం బాటకు ముఖంగా ఒక వరస, లోపల నాలుగు రోడ్లకు ఎనిమిది వరసలు, మొత్తం తొమ్మిది. పడమర అంచున 30 అడుగుల అడ్డరోడ్డు పోగా వరసకు 13 చొప్పున 117. అయిదు తీసి పార్కులో కలిపితే 112. ఆ అయిదు ప్లాట్లు, మిగిలిన 24 అడుగుల పట్టీ కలిపి చూసినా రెండు వేల గజాల దగ్గరే ఆగుతుంది. మొత్తంలో ఏడు శాతం. ఖాళీ స్థలం పది శాతం ఉండాలి, అంటే మీకు 2,904 గజాలు. అందులోనూ ఒర్రె పారే చోటును కలిపేశాడు. అనుమతి రాని కాగితం మీద 112 ఉంటే ఏంటి, 150 ఉంటే ఏంటి?

ఆ 112లో యాభై దాకా దక్షిణం ముఖం. మీకు తెలియంది కాదు, మన దగ్గర తూర్పు ముఖం ముందు పోతుంది, ఉత్తరం, పడమర తర్వాత, దక్షిణం చివరికి మిగిలి బేరానికి వస్తుంది. ఇంకా, నాలుగు రోడ్లూ తూర్పు గోడకు తగిలి ఆగిపోతున్నాయి. 400 అడుగుల సందులోకి పంచాయతీ చెత్త ట్రాక్టరు పోతే తిరగడానికి చోటు లేదు, ట్రాలీ వెనక్కి నడుపుకుంటూ రావాలి. రెండోనాడు డ్రైవర్ లోపలికి రాడు. మూడోనాటి నుంచి చెత్త అంతా పార్కు అన్న ఆ ముక్కలోకి పోతుంది. బోరు బండి, సెప్టిక్ ట్యాంకు బండి, అంబులెన్సు అన్నీ ఇదే తిప్పలు పడతాయి.

రోడ్లను ఉత్తర దక్షిణాలుగా తిప్పండి. 440 అడుగుల వెడల్పులో 55 అడుగుల లోతున ఆరు వరసలు పడతాయి, 330 అడుగులు. నడుమ 40 అడుగుల రోడ్డు, అటూ ఇటూ 33 అడుగుల రోడ్లు రెండు, 106 అడుగులు. మొత్తం 436. మిగిలిన నాలుగడుగులు గెట్టు వంకరలకు, ప్రహరీకి పోతాయి, అవి మిగిలాయని మురిసిపోవద్దు. ప్రతి రోడ్డుకూ పడమర పక్కనున్న వరస తూర్పు ముఖం, తూర్పు పక్కనున్న వరస పడమర ముఖం. దక్షిణం ముఖం అన్న మాటే రాదు. నడుమ ఒకటి, దక్షిణం కొసన ఒకటి 33 అడుగుల అడ్డరోడ్లు వేస్తే ఏ రోడ్డూ గోడకు తగిలి ఆగిపోదు, బండి ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోతుంది. నడుమ అడ్డరోడ్డును రెండు కొసలా హద్దు దాకా తెరిచే పెట్టండి. రేపు పక్క చెలకలో ఎవరో వెంచర్ వేస్తారు, రెండూ కలుస్తాయి. వెంచర్ వెంచర్‌కూ ఒక్కటే గేటు పెట్టి చుట్టూ గోడ కడితే పక్క వీధిలోని బడికి పోవడానికి పిల్లలు హైవే దాకా పోయి రావాలి.

బాటకు 13 అడుగులు, అడ్డరోడ్లకు 66 పోతే వరసల పొడవు 515 అడుగులు. పది శాతం పార్కు తీసేస్తే, ఒర్రె జాగా ఇంకా తీయకముందు, అమ్మకానికి మిగిలేది సుమారు 16,000 గజాలు, మొత్తంలో 55 శాతం. ముప్పై అడుగుల ముఖం ఇస్తే 87, ఇరవై ఏడు ఇస్తే 96 ప్లాట్లు. కలిపి ఇస్తే తొంభై చుట్టుపక్కల. ఆయన కాగితంలో 18,667 గజాలు. తేడా 2,667. మీ పెద్దన్న దీన్ని "ఒక ఎకరం అమ్మకం పోయింది" అంటాడు, ఎకరానికి అమ్మకానికి వచ్చేది అంతే కాబట్టి లెక్క ప్రకారం నిజమే. కానీ పార్కు తక్కువ, ఒర్రె కలుపుకున్నది, బాటకు వదలనిది అన్నీ సరిచేస్తే ఆయన కాగితంలోనూ ఆ ఎకరం ఉండదు.

అడ్డరోడ్లు ఎన్ని వేయాలన్నది కూడా లెక్కతో తేలుతుంది. రెండు వరసల వెన్నులు కలిసి వంద అడుగులు, 40 అడుగుల రోడ్డు అనుకోండి. ప్రతి 200 అడుగులకూ అడ్డరోడ్డు వేస్తే, పార్కు పోగా ఎకరానికి 2,590 గజాలు మిగులుతాయి. 400 అడుగులకు ఒకటైతే 2,830. 600 అడుగులకు ఒకటైతే 2,920. మొదటి పెంపులో 240 గజాలు కలిసొచ్చాయి, రెండోదానిలో 90 మాత్రమే. ఆ 90 గజాల కోసం పక్క వీధి దుకాణానికి పోవడానికి ముసలాళ్లను ఎండలో చుట్టూ తిప్పడం నాకు నచ్చదు. 300 నుంచి 400 మధ్య ఆగండి. మీ పొడవుకు నడుమ ఒక్కటి వేస్తే సరిపోతుంది.

రోడ్డు వెడల్పు కాగితం మీద 33 అని రాసినంత మాత్రాన 33 ఉండదు. 33లో నడుమ 18 అడుగులు సీసీ, అటూ ఇటూ ఏడున్నర అడుగులు. ఆ ఏడున్నరలోనే మోరీ, నీళ్ల పైపు, కరెంటు స్తంభం, చెట్టు. వీటికి చోటు గీసి చూపించకపోతే ప్రతి ఇంటివాడూ ర్యాంపు, దాని ముందు నాలుగు పూలకుండీలు పెట్టి సీసీ దాకా వస్తాడు. రెండు పక్కలా కార్లు ఆగితే 18 అడుగుల్లో నడుమ మిగిలేది అయిదడుగులు, బైకు పోతుంది అంతే. 30 అడుగుల రోడ్డైతే అదీ పోదు. ఇంటి ఎత్తుకు అనుమతిలో రోడ్డు వెడల్పు కూడా చూస్తారు కాబట్టి, ఇప్పుడు వెడల్పు తగ్గిస్తే పదేళ్ల తర్వాత ఇబ్బంది పడేది కొన్నవాడే. స్తంభాలు ప్లాటుకు ప్లాటుకు మధ్య గీత మీద పాతించండి, గేటు ముందు కాదు. ఇది చెప్పకపోతే లైన్‌మన్ తన తీగ లెక్కతో పాతుకుంటూ పోతాడు. సీసీ లెవెల్ ప్లాటు కన్నా అడుగున్నర కింద ఉంచండి. రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ పాతదాని మీదే నాలుగంగుళాలు పోస్తారు, ముందే కింద ఉంచకపోతే మూడోసారికి ఇల్లు రోడ్డు కిందికి పోతుంది. నల్లగొండ పాత వీధుల్లో మెట్లు దిగి ఇంట్లోకి పోయే ఇళ్లు చూసే ఉంటారు. చెట్లకు వేప, కానుగ చాలు. కోనోకార్పస్ వద్దు, వేర్లు మోరీ పైపుల్లోకి దూరతాయి.

మూల ప్లాట్లు మిగతావాటి కన్నా అయిదారు అడుగులు వెడల్పు పెంచండి. మలుపులో పది పదిహేను అడుగులు కోత పోతుంది, రెండు రోడ్ల వైపూ వదలాలి. లేకపోతే మూల ప్లాటని ఎక్కువ ధర పెట్టి కొన్నవాడికే ఇల్లు ఇరుకు. వీధి పోటు కూడా ఇప్పుడే చూసుకోండి. పైన చెప్పిన అమరికలో మూడు రోడ్లూ దక్షిణం అడ్డరోడ్డు దాటి హద్దుకే తగులుతాయి కాబట్టి ప్లాటుకు పోటు లేదు. కొలతలు మారి ఎక్కడైనా రోడ్డు కొస ప్లాటుకు తగిలితే అక్కడ ట్రాన్స్‌ఫార్మర్‌కో పార్కుకో చోటివ్వండి. తూర్పు ఈశాన్యం, ఉత్తర ఈశాన్యం పోటు మంచిదేనని చెప్పి అమ్ముతారు గానీ, రాత్రిపూట ఇంటి మీద పడే హెడ్‌లైట్లకు ఆ తేడా తెలియదు. భూమి మీదుగా పెద్ద కరెంటు లైను లేదన్నారు, అదృష్టం. 132 కేవీ లైనుకు 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల పట్టీ వదలాలి. మీ అంత భూమిలో ఒక వరస మొత్తం ఎగిరిపోయేది.

పార్కును ఆగ్నేయంలోనే పెట్టమంటాను, కానీ మిగిలిన ముక్కగా కాదు. తూర్పు వైపు వరసల కింది భాగం తీసి, ఒర్రె, దాని పక్క వదిలిన జాగా బయట పెట్టి, 2,904 గజాలు చదరంగా ఒక్కచోట. రెండు పక్కలా రోడ్డు, ఎదురుగా ఇళ్లు ఉండాలి. ఎదురుగా ఇళ్ల కిటికీలుంటే పార్కు బతుకుతుంది, వెన్నుగోడలుంటే సీసాలు పేరుకుంటాయి. ఇంకో పని చేయండి, చాలామంది చేయనిది. పార్కును రోడ్డు కన్నా ఒక్క అడుగు లోతు చేయండి. 2,904 గజాలు అడుగు లోతుకు ఏడు లక్షల నలభై వేల లీటర్లు పడతాయి. పైన చెప్పిన గంట వాన మొత్తం అందులో కూర్చుని, తీరిగ్గా ఒర్రెలోకి దిగుతుంది, కొంత బోరుకు ఇంకుతుంది. ఆరెకరాలైనా అరవై ఎకరాలైనా ఇదే లెక్క. భూమిలో పదో వంతు అడుగు లోతైతే రెండంగుళాల వానను ఆపుతుంది. పిల్లలు ఆడుకోవడానికి ఏడాదిలో అయిదారు రోజులు మాత్రం కుదరదు.

నీళ్ల ట్యాంకుకు వాయవ్యం ఎత్తున చోటివ్వండి. తొంభై మూడిళ్లు, ఇంటికి అయిదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లంటే 63 వేల లీటర్లు కావాలి. అందులో ఎనభై శాతం మురుగై తిరిగొస్తుంది, యాభై వేల లీటర్లు. దాన్ని ఎక్కడ శుద్ధి చేస్తారో గీతలో చోటు చూపించకపోతే అదీ ఒర్రెలోకే పోతుంది, మీ కిందున్న రైతు బావిలోకి.

అనుమతుల గురించి రెండు ముక్కలు. వ్యవసాయ భూమిని నాలా కింద (ఇది నీళ్ల నాలా కాదు, వ్యవసాయేతర భూమి అని) మార్చుకోవడం, ఆన్‌లైన్‌లో లేఅవుట్ దరఖాస్తు, తాత్కాలిక లేఅవుట్, పనులు, తర్వాత ఫైనల్. 15 శాతం ప్లాట్లు స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి, పనులు పూర్తయ్యాకే విడుదల. రోడ్లు, పార్కు గిఫ్ట్ డీడ్‌తో వాళ్లకు పోతాయి. 500 చదరపు మీటర్లు దాటిన మీలాంటి వెంచర్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు, నంబరు రాకముందు కరపత్రం కూడా వేయొద్దు. "ముందు గజాలు లెక్కన అమ్మేద్దాం, ఎల్‌ఆర్‌ఎస్ ఎప్పుడో వస్తుంది" అనేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. 2020 ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) ఆ ఏడాది ఆగస్టు 26 లోపు రిజిస్టరైనవాటికి. పార్కు వదలని వెంచర్‌లో కొన్న పాపానికి ఆ ప్లాట్లవాళ్లు భూమి విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీ కింద కట్టాల్సి వచ్చింది. వాళ్లు డబ్బు కట్టినా పార్కు మాత్రం రాదు.

చివరిది, మీరు అడగనిది. గీత గీయకముందే ముగ్గురూ కాగితం రాసుకోండి. పార్కు, ఒర్రె, కింది అడ్డరోడ్డు అన్నీ మీ రెండెకరాల్లోనే పడుతున్నాయి. ఎవరి వాటాలో వచ్చిన ప్లాట్లు వాళ్లవి అనుకుంటే మీకు సగం కూడా మిగలవు. పెద్దన్న ఒర్రె మీద పైపు వేయమనడానికి అసలు కారణం అదే కావొచ్చు, మీకు నష్టం రాకూడదనే. ఆరెకరాలూ ఒక్క కుప్ప చేసి, అమ్మకానికి వచ్చిన 16,000 గజాలను మూడు భాగాలు చేయండి. తూర్పు ముఖం, పడమర ముఖం, మూల ప్లాట్లు సమంగా వచ్చేలా మూడు చీట్లు రాసి తీయండి. అప్పుడు ఒర్రె ముగ్గురి ఒర్రె అవుతుంది, దాన్ని పూడ్చాలని ఎవరికీ ఉండదు.

కాంటూర్ షీటు, నక్ష కాపీ వచ్చాక పంపండి, రోడ్ల లెవెల్స్ చూసి చెప్తాను. ఈలోపు ఒక పెద్ద వాన పడితే గొడుగేసుకుని చెలక కాడికి పోండి. పది కర్రలకు ఎర్ర గుడ్డ కట్టుకుని పోయి, నీళ్లు ఎంత దూరం పరుచుకున్నాయో అక్కడల్లా పాతి రండి. పెద్దన్నను కూడా వెంట తీసుకుపోండి.